వాహనం లోపలి సామగ్రికి నిప్పు పరీక్ష: తిరుపతి, చిత్తూరు దారుల్లో

కారులోగానీ బస్సులోగానీ మనిషి కూర్చునే చోట ఇనుము, అద్దం పోగా మిగిలినదంతా దాదాపుగా మండేదే. సీటు లోపలి ఫోమ్, పైనున్న గుడ్డ లేదా రెక్సిన్, తలుపు లోపలి ప్లాస్టిక్ పలక, కాళ్ల కింది కార్పెట్, నెత్తిన ఉండే సీలింగ్ గుడ్డ, కిటికీ పరదా అన్నీ ఈ జాబితాలోనివే. వీటికి నిప్పు తగిలితే మంట ఎంత వేగంగా పాకవచ్చో చెప్పే నిబంధనలు చాలా దేశాల్లో ఉన్నాయి. భారతదేశంలో ఈ పని చేసేది ఐఎస్ 15061 అనే భారతీయ ప్రమాణం. ఇది 2002లో వచ్చింది. బస్సుల నిర్మాణానికి ఏఐఎస్-052 అనే బస్ బాడీ కోడ్, పడక బస్సులకు ఏఐఎస్-119 అదనంగా వర్తిస్తాయి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఈ విషయం దూరపుది కాదు. రోజూ వేలమంది తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతారు. చీకటి పడితే హైదరాబాద్, బెంగళూరు, విజయవాడ వైపు పడక బస్సులు బయలుదేరతాయి. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో వాహనాలూ తయారవుతాయి, మెట్రో రైలు పెట్టెలూ తయారవుతాయి. వాడేవాళ్లూ, తయారుచేసేవాళ్లూ, పాతబడ్డాక సీట్లు మార్చి కుట్టేవాళ్లూ ఒకే ప్రాంతంలో ఉన్నారు. అందుకే ఈ నిబంధన ఏం చూస్తుందో, ఏం చూడదో ఇక్కడ నిలబడి గమనిస్తే బాగా అర్థమవుతుంది.

ఏయే భాగాలు లెక్కలోకి వస్తాయి

ఈ తరహా నిబంధనలకు మూలం అమెరికాలో 1972 సెప్టెంబరు 1 నుంచి అమలైన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302. అది భాగాల పేర్లను ఒక్కొక్కటిగా చెబుతుంది: సీటు దిండు, వీపు ఆనే భాగం, సీటు బెల్టు, తల ఆనించుకునే దిండు, చేతులు ఆనించే భాగం, సీలింగ్ గుడ్డ, తలుపు పలకలు, పక్క పలకలు, ముందు వెనక పలకలు, సామాను అరలు, నేల మీద పరిచేవి, ఎండను అడ్డే పలకలు, పరదాలు, చక్రం గూడు మీది కప్పు, ఇంజిన్ గది మీది కప్పు, పరుపుల పైగుడ్డలు. ఢీకొన్నప్పుడు మనిషికి దెబ్బ తగలకుండా పెట్టే మెత్తలు కూడా ఇందులోకే వస్తాయి.

ఎంత లోతువరకు చూడాలన్నదానికీ ఒక గీత ఉంది. ప్రయాణికులు పీల్చే గాలికి 13 మిల్లీమీటర్ల లోపు ఉన్న సామగ్రి అంతా పరీక్షకు నిలవాలి. గుడ్డ, ఫోమ్ ఒకదానికొకటి పూర్తిగా అతుక్కుని ఉంటే రెండింటినీ కలిపే కాల్చి చూస్తారు. అతుక్కోకుండా విడిగా ఉంటే దేనికదే పరీక్షకు వెళుతుంది. చిన్న విషయంలా కనిపించినా సీటు కవర్ల దగ్గరికి వచ్చేసరికి ఇదే కీలకం.

ఐరోపా పద్ధతిలోని ఐక్యరాజ్యసమితి నియమావళి 118 పెద్ద బస్సుల కోసం రాసినది. ఇనుము, అద్దం భాగాలను అది వదిలేస్తుంది. 200 గ్రాములకు తగ్గిన చిన్నచిన్న సీటు భాగాలకూ కొంత మినహాయింపు ఉంది. అలాంటివి పోగుపడి ఒక్కో సీటుకు 400 గ్రాములు దాటితే మాత్రం ఆ మినహాయింపు పోతుంది. కరెంటు తీగలకు వేరే పరీక్ష పెడుతుంది.

పరీక్షలో జరిగేది

ప్రయోగశాలలో ఒక ఇనుప పెట్టె ఉంటుంది. సామగ్రిలోంచి 356 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 100 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ కోసి, ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో ఉండే బిగింపులో అడ్డంగా పెడతారు. ఒక కొసకు 38 మిల్లీమీటర్ల ఎత్తున్న బర్నర్ మంటను 15 సెకన్ల పాటు చూపి తీసేస్తారు. మంట మొదటి గీత చేరగానే గడియారం మొదలవుతుంది, చివరి గీత దగ్గర ఆగుతుంది. రెండు గీతల మధ్య దూరం 254 మిల్లీమీటర్లు. నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకితే అమెరికా ప్రమాణం ప్రకారం ఆ సామగ్రి పనికిరాదు. ఐరోపా నియమావళిలో ఈ హద్దు 100 మిల్లీమీటర్లు. భారతీయ ప్రమాణం కూడా ఇదే కుటుంబానికి చెందినది; ఐఎస్‌ఓ 3795 అనే అంతర్జాతీయ పద్ధతిలోనే నడుస్తుంది.

అంటే 254 మిల్లీమీటర్లు కాలడానికి రెండున్నర నిమిషాలు పట్టిన గుడ్డ పరీక్షలో గట్టెక్కుతుంది. అది మండని గుడ్డ కాదు, మెల్లగా మండే గుడ్డ. ‘అగ్ని నిరోధకం’ అని చీటీ అంటించిన సరుకు అసలు అంటుకోదని చాలామంది అనుకుంటారు. నిబంధన అలాంటి హామీ ఎక్కడా ఇవ్వలేదు. అది ఇచ్చేది కొంత వ్యవధి మాత్రమే.

ఐరోపా నియమావళి ఇంకో రెండు అడుగులు ముందుకు వేసింది. పరదాల్లాంటివాటిని నిలువుగా వేలాడదీసి కాలుస్తారు, ఎందుకంటే మంట అడ్డంగా కంటే పైకి అనేక రెట్లు వేగంగా పాకుతుంది. సీటు దిండుకు 500 మిల్లీమీటర్ల పైన ఉండే సామగ్రికీ, పైకప్పు సామగ్రికీ కరుగుడు పరీక్ష ఉంది. ముక్కకు వేడి తగిలించి, కింద దూది పెడతారు. కరిగిన బొట్టు పడి దూది అంటుకుంటే ఆ సామగ్రి తప్పినట్టే. కాలే ప్లాస్టిక్ చుక్కలు నెత్తిన రాలితే బయటపడే దారి మూసుకుపోతుందన్నది ఇందులోని ఆలోచన.

చిన్న నిప్పుకు రాసిన నియమం

1972 నాటి అమెరికా ప్రమాణం తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. వాహనం లోపల అగ్గిపుల్ల వల్ల, సిగరెట్ వల్ల పుట్టే మంటలను దృష్టిలో పెట్టుకున్నామని అందులోనే రాసి ఉంది. తిరుపతిలో ట్యాక్సీ డ్రైవరు పొద్దున్నే డ్యాష్‌బోర్డు మీది స్వామి పటానికి పూలు పెట్టి, అగరుబత్తి వెలిగించి, దాన్ని ఏసీ గాలి వచ్చే కన్నం దగ్గర గుచ్చి బండి తీస్తాడు. ఆ బత్తి నిప్పు రాలి సీటు మీద పడితే గుడ్డ మెల్లగా కాలడం, వాసన రావడం, డ్రైవరు నీళ్లు పోసి ఆర్పడం సాధ్యమే. నిబంధన కాపాడేది సరిగ్గా అలాంటి నిప్పు నుంచే. ఆ మేరకు అది బాగా పనిచేస్తుందని ఒప్పుకోవాలి.

మన రహదారుల మీద ప్రాణాలు తీసిన మంటలు మాత్రం వేరు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళుతున్న ప్రైవేటు వోల్వో బస్సు నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న ఇంకా తెల్లవారకముందే హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న ప్రైవేటు పడక బస్సు కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర 44వ జాతీయ రహదారి మీద పడివున్న మోటారు సైకిలును ఈడ్చుకుపోయింది. దాని పెట్రోలుకు నిప్పంటుకుని బస్సు మొత్తం కాలింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు, అంతకుముందే రోడ్డు మీద పడి మరణించిన బైకు నడిపిన యువకుడితో కలిపి 20 మంది. దానికి పది రోజుల ముందే, అక్టోబరు 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర ఇంకో ఏసీ పడక బస్సు కాలి 20 మందికి పైగా పోయారు.

పెట్రోలు, డీజిల్ నేల మీద పారి మండుతుంటే 38 మిల్లీమీటర్ల బర్నర్ మంటతో తెలుసుకున్న లెక్కలు అక్కరకు రావు. ఆ వేడికి ఏ ఫోమ్ అయినా అంటుకుంటుంది. అయినా లోపలి సామగ్రి ఏదైనా ఒకటేనని అనుకోకూడదు. బయటి మంట లోపలికి చొచ్చుకొచ్చాక బస్సు పొడవునా ఎన్ని నిమిషాల్లో పాకుతుందో, పొగ ఎంత చిక్కగా కమ్ముతుందో ఆ సామగ్రే తేలుస్తుంది. మేలుకుని, చెప్పులు వెతుక్కోకుండా, బెర్త్ దిగి తలుపు చేరడానికి మనిషికి దొరికే సమయం అంతా ఆ నిమిషాల్లోనే ఉంది.

పొగను ఎవరూ కొలవలేదు

ఐఎస్ 15061, ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302, ఐక్యరాజ్యసమితి నియమావళి 118, ఈ మూడింటిలో ఏదీ పొగను గానీ, విషవాయువులను గానీ కొలవదు. ఈ నిబంధనల్లో ఉన్న అతి పెద్ద లోటు ఇదేనని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. పాలియురేతేన్ ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. రెక్సిన్‌లో ఉండే పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వచ్చి కళ్లు, గొంతు మండిపోతాయి. కళ్లు తెరవలేని మనిషికి ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో తెలిసినా ఉపయోగం తక్కువ.

1988 మే 14న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కారల్టన్ దగ్గర పాత స్కూలు బస్సును తాగి నడిపిన వ్యక్తి పికప్ ట్రక్కు ఎదురుగా వచ్చి గుద్దింది. పెట్రోలు ట్యాంకు చిట్లింది. ఢీకొన్న దెబ్బకు చనిపోయినవారు ఎవరూ లేరు. చనిపోయిన 27 మందీ మంటకు, పొగకు బలైనవారే. సీట్ల ఫోమ్ మీద అక్కడ పెద్ద చర్చ జరిగింది. కొన్ని రాష్ట్రాలు స్కూలు బస్సు సీట్లకు ఇంకా కఠినమైన పరీక్షలు పెట్టుకున్నాయి. జాతీయ ప్రమాణంలోని 102 మిల్లీమీటర్ల హద్దు మాత్రం 1972లో ఉన్నట్టే ఉండిపోయింది.

రైలులో తీసేసిన పరదా, బస్సులో వేలాడుతున్న పరదా

2013 డిసెంబరు 28 తెల్లవారుజామున బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లోని ఏసీ మూడో తరగతి పెట్టె నాటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర అంటుకుంది. 26 మంది చనిపోయారు. రాయలసీమ నడిబొడ్డున జరిగిన ఈ ఘటన తర్వాత రైల్వే ఏసీ మూడో తరగతి పెట్టెల్లో నడవ వైపు పరదాలను తీసేసింది. నిలువుగా వేలాడే గుడ్డ మంటకు నిచ్చెన అవుతుందన్న ఎరుక ఆ నిర్ణయం వెనక ఉంది. రైలు పెట్టెల రెక్సిన్‌కు, ఫోమ్‌కు, నేల పరుపుకు ఆర్డీఎస్‌ఓ అనే రైల్వే పరిశోధన సంస్థ వేరే ప్రమాణాలు రాసింది. తిరుపతి శెట్టిపల్లెలోని క్యారేజ్ రిపేర్ షాపులో పెట్టెలు మరమ్మతుకు వచ్చినప్పుడు వేసే సరుకు కూడా ఆ ప్రమాణాలకు లోబడే ఉండాలి.

పడక బస్సు దగ్గరకొస్తే ప్రతి బెర్తుకూ పరదా ఉంటుంది. అది లేకపోతే టికెట్టు అమ్ముడుపోదు, ముఖ్యంగా ఆడవాళ్లకు మరుగు కావాలి. కాబట్టి తీసేయమనడం తేలిక కాదు. నిలువు పరీక్షలో నెగ్గిన గుడ్డను కుట్టించడం మాత్రం పూర్తిగా సాధ్యమే. కింద ఒక పడక, పైన ఒక పడక, రెండింటి మీదా ఫోమ్ పరుపు, చుట్టూ లామినేషన్ చెక్క, కిటికీకి ఒక పరదా, నడవకు ఇంకొకటి: సీటు బస్సుతో పోలిస్తే పడక బస్సులో మండే సరుకు చాలా ఎక్కువ, బయటపడే దారి చాలా ఇరుకు. కర్నూలు బస్సు మొదట సీట్ల బస్సుగా నమోదై తర్వాత పడకలకు మారిందనీ, దాని సామాను అరలో వందల మొబైల్ ఫోన్ల పార్శిల్ ఉందనీ ప్రమాదం తర్వాత వార్తలు వచ్చాయి. లిథియం బ్యాటరీల పార్శిల్ ప్రయాణికుల కింది అరలో వెళ్లడం లోపలి సామగ్రి నిబంధన ఊహించని సంగతి.

శ్రీసిటీలో రెండు కొలబద్దలు

ఒకే పారిశ్రామికవాడలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2016లో ఇసుజు పికప్ వాహనాల కర్మాగారం శ్రీసిటీలో మొదలైంది. అక్కడి క్యాబిన్ లోపలి సామగ్రి వాహనాల ప్రమాణానికి లోబడుతుంది, అంటే మంట వేగం చూస్తే చాలు. అదే శ్రీసిటీలో అల్‌స్టామ్ కర్మాగారం మెట్రో రైలు పెట్టెలు తయారుచేస్తుంది; సొరంగంలో నడిచే ముంబయి మూడో లైను రైళ్లు అక్కడివే. రైలు పెట్టెలకు చాలా దేశాల్లో పాటించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 45545 వేడి ఎంత విడుదలవుతుందో, పొగ ఎంత చిక్కగా ఉంటుందో, వాయువులు ఎంత విషపూరితమో కూడా కొలుస్తుంది. సొరంగంలో ఎంతసేపు నడిచే రైలో చూసి హెచ్‌ఎల్1 నుంచి హెచ్‌ఎల్3 వరకు ప్రమాద స్థాయిలు పెట్టింది.

రేణిగుంట విమానాశ్రయంలో దిగే విమానం సీట్లకు దీనికంటే కఠినమైన పరీక్ష ఉంది. 1984లో వచ్చిన అమెరికా నియమం ప్రకారం సీటు దిండ్లు చమురు బర్నర్ మంటకు తట్టుకోవాలి. విమానాశ్రయం నుంచి కొండకు ఎక్కించుకుపోయే బస్సు సీటుకు ఆ పరీక్ష లేదు. సొరంగంలో రైలు దిగడం, ఆకాశంలో విమానం దిగడం కష్టమన్నది ఈ తేడాకు చెప్పే కారణం. బస్సును రోడ్డు పక్కన ఆపి దిగవచ్చు కదా అన్న లెక్కతో బస్సుల నిబంధన రాశారు. రాత్రి పూట ఏసీ పడక బస్సుకు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న ఘాట్ రోడ్డుకు ఆ లెక్క నిలవదు.

ఘాట్ రోడ్డు మీద

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకుల మీద భారం పడుతుంది. కింది గేరులో దిగకుండా అదేపనిగా బ్రేకు తొక్కితే లైనర్లు మాడిన వాసన ముందు వస్తుంది, తర్వాత చక్రం గూట్లో పొగ వస్తుంది. టైరు అంటుకుంటే ఆర్పడం కష్టం. మంట గూడు కప్పును దాటి నేల పలక కిందికి చేరుతుంది. 2005 సెప్టెంబరు 23న అమెరికాలోని టెక్సాస్‌లో విల్మర్ దగ్గర తుపానుకు భయపడి వృద్ధులను తరలిస్తున్న బస్సు వెనక చక్రం దగ్గర మొదలైన మంటకు 23 మంది పోయారు. చక్రం గూడు కప్పునూ, ఇంజిన్ గది కప్పునూ నిబంధన పేరుపెట్టి ఎందుకు చెప్పిందో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది.

2022 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల వేళ తిరుమల దారిలో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. తిరుపతికి కేటాయించిన 100 బస్సుల్లో 50 ఘాట్ రోడ్డుకే. దిగేటప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేసి కరెంటు తిరిగి పట్టుకుంటుంది కాబట్టి బ్రేకు లైనర్ల భారం తగ్గుతుంది. బ్యాటరీకి మాత్రం వేరే జాగ్రత్త కావాలి. ఒక సెల్ చెడి వేడెక్కితే, ప్రయాణికుల గదికి ప్రమాదం రావడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక రావాలని ఐక్యరాజ్యసమితి నియమావళి 100 చెబుతుంది.

షోరూం దాటాక

కొత్త బండికి ఆమోదం ఇచ్చేటప్పుడు పుణెలోని ఏఆర్‌ఏఐ, సీఐఆర్‌టీ, మానేసర్‌లోని ఐకాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ వంటి సంస్థలు పరీక్షలు చేస్తాయి. తిరుపతికి అన్నిటికంటే దగ్గర ఒరగడమే. అక్కడ పరీక్షించేది కొత్త సరుకునే.

ఆ తర్వాత బండి సీటు కవర్ల షాపుకు వస్తుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ఊళ్లలో ఇలాంటి షాపుల్లో పని ఒకే తీరు. పాత కవరు విప్పి పక్కన పడేస్తారు. అణిగిపోయిన ఫోమ్ మీద కొత్త ఫోమ్ షీటు పరిచి, ఘాటైన వాసనవేసే సొల్యూషన్ రాసి అంటిస్తారు. రెక్సిన్‌ను కొలిచి కత్తిరించి, మిషను మీద కుట్టి, హాగ్ రింగులతో బిగిస్తారు. కుట్టు ఎంత అందంగా వస్తుందో చూడాల్సిందే. ఆ చేతిపనికి దండం పెట్టాలి. కొనేవాడు రంగు అడుగుతాడు, గుండీలు అడుగుతాడు, గ్యారంటీ ఎన్నేళ్లని అడుగుతాడు. ఆ రెక్సిన్ ఐఎస్ 15061 ప్రకారం పరీక్షించినదేనా అని అడిగేవారు అరుదు. దాంతో పాటు కాళ్ల కింద మెత్తటి మ్యాటు, సీలింగ్‌లో రంగుల లైట్లు, వాటి కోసం బండి వైరును మధ్యలో గీకి తీసుకున్న కనెక్షను వచ్చి చేరతాయి. ఫ్యూజు లేని ఆ వైరూ, పరీక్ష చూడని ఆ ఫోమూ ఒకే చోట చేరతాయి.

చట్టం ఈ విషయంలో మెతకగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు చెప్పిన లక్షణాలకు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సీట్ల బస్సును పడక బస్సుగా మార్చడం ఈ సెక్షను కిందికే వస్తుంది. సీటు గుడ్డ మార్చడం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. కొత్త రవాణా వాహనానికి ఫిట్‌నెస్ రెండేళ్లకు ఇస్తారు, ఎనిమిదేళ్లు దాటాక ఏటా తీసుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, బ్రేకులు, అద్దాలు, హారను చూస్తారు. సీటులోంచి 356 మిల్లీమీటర్ల పట్టీ కోసి కాల్చి చూడటం ఫిట్‌నెస్ తనిఖీలో కుదిరే పని కాదు. కుదిరేది ఒకటుంది: మార్చిన సామగ్రికి పరీక్ష ధ్రువపత్రం, కొన్న బిల్లు అడగడం. కనీసం స్కూలు బస్సులకూ, పడక బస్సులకూ ఇది తప్పనిసరి చేస్తే షాపులు కూడా పరీక్షించిన రెక్సిన్‌నే తెప్పిస్తాయి. ధర కొంత పెరుగుతుంది, అంతే.

మంటను ఆపే మందు, దాని ధర

ఫోమ్ మెల్లగా మండాలంటే అందులో మందు కలపాలి. క్లోరిన్ ఉన్న ఫాస్ఫేటులు, బ్రోమిన్ సమ్మేళనాలు, అల్యూమినియం హైడ్రాక్సైడు, మెలమైన్ వంటివి ఇందుకు వాడతారు. వీటిలో కొన్ని ఫోమ్‌లో కట్టుబడి ఉండవు, వేడికి గాలిలోకి వస్తాయి. అమెరికాలో 101 కార్లలో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో టీసీఐపీపీ అనే మందు 99 శాతం కార్లలో దొరికింది. ఎండాకాలంలో మోతాదు చలికాలానికి రెండు నుంచి ఐదు రెట్లు ఉంది. 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో, కొండ కింది అలిపిరి దగ్గర అద్దాలు మూసి మధ్యాహ్నమంతా నిలిపిన కారులో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. ఎక్కగానే ఏసీ వేసుకోకుండా రెండు మూడు నిమిషాలు అద్దాలు దించితే ఆ గాలి పోతుంది. మందు కలపకుండానే మెల్లగా మండే ఉన్ని, గట్టిగా నేసిన గుడ్డలు, ఫోమ్ చుట్టూ వేసే అడ్డుపొర వంటి మార్గాలూ ఉన్నాయి; విమానాల సీట్లలో ఆ అడ్డుపొర ఏళ్లుగా వాడుకలో ఉంది.

లోపలి గదికి నీటి తుంపర

ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి ఆర్పే వ్యవస్థకు మన దేశంలో ఏఐఎస్-135 ఉంది. ప్రయాణికుల గది మాత్రం చాలాకాలం దాని పరిధిలో లేదు. 2022 జనవరి 27న కేంద్ర రవాణా శాఖ దూరప్రయాణపు బస్సులకు, స్కూలు బస్సులకు ప్రయాణికుల గదిలో కూడా మంట హెచ్చరిక, రక్షణ వ్యవస్థ ఉండాలని నోటిఫికేషన్ ఇచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపొందించిన నీటి తుంపర పద్ధతి దీనికి ఆధారం. సన్నటి తుంపర గదిలో వేడిని 50 డిగ్రీల లోపు నిలిపి, దిగడానికి ఇంకొంత సమయం సంపాదించి పెట్టాలన్నది లక్ష్యం. ఈ వ్యవస్థ కొత్తగా తయారయ్యే బస్సులకు వస్తుంది. అంతకుముందే రోడ్డెక్కిన బస్సుల్లో ఈ రాత్రి ప్రయాణించేవారికి ఉన్నవి సీటు గుడ్డ, పరదా, సుత్తి, ఎమర్జెన్సీ తలుపు. ఎక్కగానే ఆ సుత్తి ఎక్కడ వేలాడుతోందో, తలుపుకు అడ్డంగా పార్శిల్ ఉందో లేదో చూసుకోవచ్చు. అడ్డం ఉంటే తీయమని అడిగే హక్కు టికెట్టు కొన్న ప్రతి ఒక్కరికీ ఉంది.